నాలుగు చక్రాలు, నాలుగు పక్షాలు

నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నేను ఇతరులకు నేర్పుతాను. నాకు జీతం ఇచ్చేది అందుకే. తాసిల్దార్లు, ఎంపీడీవోలు, కొత్తగా ప్రమోషన్ వచ్చిన సూపరింటెండెంట్లు బ్యాచీలుగా వచ్చి మా శిక్షణ సంస్థ హాస్టల్లో ఉంటారు. పొద్దున ఉప్మా తిని నా క్లాసులో కూర్చుంటారు. వెళ్లేటప్పుడు నిర్ణయ విధానం మీద నేను రాసిన పుస్తకం ఒకటి వాళ్ల సంచుల్లో పెట్టి పంపుతాం. అది చదివి నిర్ణయం తీసుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

మా సంస్థ శృంగవరపుకోట (మేమంతా కోట అనే అంటాం) దాటాక ఒక కొండ మీద ఉంటుంది. ఎత్తైన చోట ఆలోచనలు బాగా వస్తాయని వెనకటి పెద్దలెవరో అక్కడ కట్టించారు. ఆలోచనల సంగతేమో గాని బస్సు మాత్రం రాదు. కిందికి వెళ్లాలన్నా, పైకి రావాలన్నా సంస్థకున్న పాత అంబాసిడర్ కారు ఒక్కటే దిక్కు. కూరగాయలు, గెస్టు లెక్చరర్లు, జ్వరం వచ్చినవాళ్లు, అందరూ అందులోనే. దానికి డ్రైవరు పైడిరాజు, ఇన్‌ఛార్జిని నేను. ఇన్‌ఛార్జి అంటే దసరాకి బానెట్ మీద నిమ్మకాయ పెట్టి నమస్కారం చేయడమే అనుకునేవాణ్ణి.

వానాకాలం మొదలవబోతూ ఉండగా ఒక ఉదయం పైడిరాజు నన్ను షెడ్డు దగ్గరికి పిలుచుకుపోయి, "సెయ్యెట్టి సూడండి బాబూ" అన్నాడు.

ముందు టైరు మీద చెయ్యి పెట్టాను. నా బట్టతలకీ దానికీ తేడా ఏమిటంటే, నా తల మీద ఇంకా అక్కడక్కడ ఏదో ఉంది.

"నాలుగూ ఇలాగే ఉన్నాయి. వానలొచ్చేత్తన్నాయి. ఘాట్లో ఇది కారు కాదు బాబూ, సబ్బుబిళ్ల. మీరొక్క సంతకం ఎట్టీసినారంటే కోటలో ఏయించీసి సాయంత్రానికి తెచ్చెత్తాను."

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. టైర్లు కొనే అధికారం నాకు ఉంది. ఎవరినీ అడగక్కర్లేదు. నన్ను భయపెట్టిందే అది. ఇన్నేళ్లుగా నిర్ణయం అనేదాన్ని బోర్డు మీద గీసి చూపించానే గాని, అది ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టలేకపోయాను. ఏ రకం టైర్లు వేయాలి? రేపెవరైనా ఇవే ఎందుకు వేశారని అడిగితే ఏం చెప్పాలి?

"ఆలోచిద్దాం" అన్నాను.

"దేని గురించి బాబూ?" అన్నాడు పైడిరాజు నిజంగానే అర్థం కాక.

ఒక మాట చెవిన వేసి వద్దామని మా డైరెక్టర్ పరాంకుశం గారి గదిలోకి వెళ్లాను. ఆయన అంతకు ముందే ఢిల్లీలో ఏదో సదస్సుకి వెళ్లి వచ్చారు. ఆయన ఢిల్లీ వెళ్లినప్పుడల్లా మాకు కొత్త మాట ఒకటి తెస్తారు. కిందటిసారి 'సమగ్రత' తెచ్చారు. ఆ ఏడాదంతా మెస్సులో సాంబారు కూడా సమగ్రంగానే చేశారు. ఈసారి తెచ్చిన మాట 'భాగస్వామ్యం'. ఏ నిర్ణయమైనా సరే, దానివల్ల ప్రభావితమయ్యే ప్రతి పక్షానికీ అందులో పాలు ఉండాలట.

టైర్ల మాట ఎత్తగానే ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"భావరాజు గారూ, మీరు దీన్ని టైర్ల సమస్యగా చూస్తున్నారు."

"అవునండి" అన్నాను తప్పు చేసినవాడిలా.

"ఇది ప్రక్రియ సమస్య. మనం బోధించేది మన ఆవరణలోనే అమలు చేయకపోతే, రేపు ఏ మొహం పెట్టుకుని బోధిస్తాం? ఈ టైర్ల ఎంపికని రాష్ట్రానికే నమూనాగా తీర్చిదిద్దుదాం. దానికి సారథి మీరే."

అప్పుడు నేను, "అయ్యా, వానలు వస్తున్నాయి" అని అనాల్సింది. కాని సారథి అనే మాట నా చెవికి చాలా బాగుంది. వెంటనే సుద్దముక్క అందుకుని ఆయన బోర్డు మీద వలయాలు గీశాను. మధ్యలో టైరు. దాని చుట్టూ డ్రైవరు. ఆ చుట్టూ ప్రయాణికులు. ఆ తర్వాత పాదచారులు.

"ఆ పైన?" అన్నారు పరాంకుశం గారు ముందుకు వంగి.

"రోడ్డు" అన్నాను.

"అద్భుతం. రోడ్డు అభిప్రాయం ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ హైమతో ఈ సంగతి చెప్పాను. ఆవిడ పెరుగు వడ్డిస్తూ ఆగింది.

"టైర్లు కొనడానికి మీకు అధికారం లేదా?"

"ఉంది."

"టైర్లు అరగలేదా?"

"అరిగాయి."

"మరి మీటింగు దేనికి?"

"నీకు అర్థం కాదులే" అన్నాను. ఆవిడకు అంతా అర్థమైంది. తర్వాత నెల రోజులపాటు కారు ఎక్కమంటే ఎక్కకుండా, మెస్సుకి పాలు దించి కిందికి వెళ్లే వ్యాను పట్టుకుని సంతకి వెళ్లింది.

మొదటి సమావేశంలో ప్రయాణికుల పక్షాన్ని పిలిచాం. అకౌంట్సు ఆఫీసరు అచ్యుతం గారు ఎప్పుడూ వెనక సీట్లో కుడివైపు కూర్చుంటారు. ఆయన వాదం ప్రకారం ఆ చక్రానికి మెత్తని టైరు వేయాలి.

"నాకు నడుం నొప్పి. వెనక కుడి చక్రం గోతిలో పడితే ఆ దెబ్బ తిన్నగా నా వెన్నులోకి వస్తుంది. మిగతా మూడూ మీ ఇష్టం" అన్నారు ఆయన ఉదారంగా.

కారుకి నాలుగు చక్రాలకీ ఒకే రకం టైరు వేయడం ఆనవాయితీ అని నేను గుర్తుచేశాను. పరాంకుశం గారు నా వైపు జాలిగా చూశారు.

"ఏకరూపత అనేది పాత ఆలోచన, భావరాజు గారూ. మన దేశం బలమే వైవిధ్యం."

సమావేశంలో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ తర్వాత కొండ కింద షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాం. మైకు తెప్పించాం, మజ్జిగ పోయించాం. మజ్జిగ ఉందని తెలిసి జనం బాగానే వచ్చారు. రోడ్ల శాఖ నుంచి వచ్చిన ఇంజనీరు గారు మొదట లేచారు.

"శాఖ తరఫున ఒక సవినయ మనవి. టైరు అరుగుదల గురించి మాట్లాడుతున్నారు గాని, రోడ్డు అరుగుదల గురించి ఎవరూ మాట్లాడరు. గట్లున్న కొత్త టైరు మా రోడ్డు మీద తిరిగితే రోడ్డు పైపొర మనోభావాలు, అంటే, పటిష్ఠత దెబ్బతింటుంది. మా రోడ్డు సున్నితమైన నిర్మాణం. కాబట్టి వీలైనంత సన్నని టైరు వేసి, రోడ్డుని వీలైనంత తక్కువ తాకవలసిందిగా కోరుతున్నాం."

తర్వాత సన్యాసిరావు లేచాడు. ఘాట్ రోడ్డు రెండో మలుపు దాటాక అతని పంక్చర్ కొట్టు ఉంది. నాలుగు రాటలు, పైన తాటాకులు, ముందు ఒక నీళ్ల తొట్టి. అతను మైకుని చూసి కాసేపు జంకి, తర్వాత దాన్ని వదిలిపెట్టలేదు.

"అయ్యా, ఆ కారు వారానికి రెండుమార్లు నా కొట్టుకాడ ఆగుతాది. దాని పంక్చర్ల మీదే మా ఇంట్లో కూర ఉడుకుతాది. మీరు కొత్త టైర్లు ఏసీసుకుంతే నాను ఏటైపోవాల?"

 పరాంకుశం గారి కళ్లు చెమ్మగిల్లాయి. నా చెవి దగ్గరికి వంగి, "నష్టపోయే పక్షం" అన్నారు పరవశంగా. "మనకి నిజమైన నష్టపోయే పక్షం దొరికింది. ఢిల్లీలో కూడా వీళ్ల గురించి మాట్లాడారే గాని చూపించలేకపోయారు. మీ పుస్తకంలో దీనికి ఏదో సూత్రం ఉంది కదా?"

ఉంది. నష్టపోయేవాడికి నిర్ణయంలో వాటా ఇవ్వాలని నేనే రాశాను. ఎందుకు రాశానో గుర్తులేదు. ఆ అధ్యాయం పొట్టిగా ఉందని పబ్లిషరు అంటే, ఒక మధ్యాహ్నం కూర్చుని పెంచినట్టు జ్ఞాపకం. ఆ మాట అక్కడ చెప్పలేక, మైకు తీసుకుని సూత్రాన్ని ఉదాహరణలతో వివరించాను.

చివర్లో పశువైద్య శాఖ ప్రతినిధి లేచి, మలుపుల్లో పడుకునే ఆవుల సంగతేమిటని అడిగారు. ఆవులకు ప్రత్యక్ష ప్రాతినిధ్యం కష్టం కాబట్టి వాటికి స్టెప్నీ కేటాయించాం.

ఇదంతా జరుగుతుండగా వానలు మొదలయ్యాయి. కారు పాత టైర్ల మీదే తిరుగుతోంది. ఒకరోజు కోటలో పని చూసుకుని నేనూ పైడిరాజూ పైకి వస్తున్నాం. మూడో మలుపులో పైడిరాజు స్టీరింగు ఒకవైపు తిప్పాడు. కారు ఇంకోవైపు వెళ్లింది. అది పెద్ద వేగంతో కూడా వెళ్లలేదు. తీరిగ్గా, పడవలా, పక్కకి జారుకుంటూ పోయి, అంచున ఉన్న పిట్టగోడకి ఆనుకుని ఆగింది. నా కిటికీలోంచి చూస్తే కింద చెట్ల కొసలు కనిపించాయి.

ఇంజను ఆగిపోయింది.  పైడిరాజు చాలాసేపు స్టీరింగు మీంచి చేతులు తీయలేదు.

"నాకిద్దరు ఆడపిల్లలున్నారు బాబూ" అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా. "పెద్దది ఈ యేడు టెంత్‌కొచ్చింది."

 దిగి ఆ వానలో నిలబడి, చాలు అనుకున్నాను. ఇవాళే సంతకం పెట్టేస్తాను. ఎవడేమన్నా సరే. తడిసిన బట్టలతోనే, బూట్ల బురద కూడా కడుక్కోకుండా, డైరెక్టర్ గదిలోకి దూసుకుపోయాను. జరిగింది చెప్పాను. 

పరాంకుశం గారు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"అనుభవాత్మక సాక్ష్యం" అన్నారు నెమ్మదిగా. "భావరాజు గారూ, ఇది మన ప్రక్రియలో లోపించింది. ఇప్పుడు సమకూరింది. సోమవారం కమిటీ ముందు దీన్ని సమర్పించండి."

ఆ మాటతో ఇంటికి వెళ్లి తల తుడుచుకుని, వేడి కాఫీ తాగాక నా ఆవేశం ఎక్కడికి పోయిందో చెప్పలేను. సోమవారం నాటికి బొమ్మలు వేసి సిద్ధం చేశాను. కారు జారిన కోణం, పిట్టగోడ ఎత్తు, నా మనఃస్థితి. అందరూ చాలా బాగుందన్నారు. అచ్యుతం గారు మలుపు దగ్గర బాణం గుర్తు ఇంకా ఎర్రగా ఉంటే బాగుండేదన్నారు. ఆ సూచన కూడా స్వీకరించాను. గది వెనక గోడకి చేరబడి పైడిరాజు అన్నీ వింటున్నాడు. అతని వైపు చూడకుండా మాట్లాడటం ఎలాగో నాకు అభ్యాసమే.

మొత్తానికి ఏకాభిప్రాయం కుదిరింది. ముందు కుడి చక్రం డ్రైవరు పక్షానికి. పైడిరాజు లోతైన గట్లున్న దిట్టమైన టైరు కోరుకున్నాడు. వెనక కుడిది ప్రయాణికులకి. అచ్యుతం గారు పరుపులాంటిది ఎంపిక చేశారు. ముందు ఎడమది రోడ్ల శాఖకి. ఇంజనీరు గారు ఎక్కడ వెదికి తెచ్చారో గాని, సైకిలుకి అన్నయ్యలా ఉన్న సన్నని టైరు పంపారు. వెనక ఎడమది సన్యాసిరావుకి. అతను ఎంతో బాధ్యతగా ఆలోచించి, ఇప్పటికే నాలుగు అతుకులున్న పాత టైరు ఒకటి బిగించాడు.

పరాంకుశం గారు రిబ్బను కత్తిరించారు. పైడిరాజు కారు స్టార్టు చేసి ఆవరణలో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. అతను తిన్నగానే తోలాడు, కారే చుట్టు తిరిగింది. అది ఎడమ పక్కకి ఒరిగి, ఎవరి మాటో చెవి ఒగ్గి వింటున్నట్టు నిలబడింది.

"ఎలా ఉంది?" అన్నారు డైరెక్టర్ గారు.

"నాలుగు పార్టీల మంత్రివర్గం లాగుందండి" అన్నాడు పైడిరాజు. "ఎవురి దారి ఆళ్లదే."

దాన్ని ప్రశంసగా తీసుకుని ఢిల్లీకి రాశారు. అక్కడ నుంచి, ఈ నమూనాని పరిశీలించడానికి నళినీ సేన్ అనే నిపుణురాలు స్వయంగా వస్తున్నట్టు కబురు వచ్చింది. ఆవిణ్ని స్టేషను నుంచి ఆ కారులోనే తేవాలని పరాంకుశం గారి పట్టుదల. ఆ ఉదయం పైడిరాజు తాళాలు తెచ్చి డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టాడు.

"నాను తోలనండి."

"తోలనంటే? నువ్వు డ్రైవరువి."

"డ్రైవర్ని కాదండి. పక్షాన్ని. నా అసమ్మతి నమోదు సెయ్యండి."

పరాంకుశం గారు తాళాలు తీసి తన ముందు పెట్టుకున్నారు. పక్షం అసమ్మతి తెలిపితే బలవంతం చేయకూడదని ఆయనే అందరి ముందూ ప్రకటించారు. ఆ సమావేశాలన్నిట్లో వెనక గోడకి చేరబడి వింటూ, మేము మాట్లాడిన భాష మొత్తం పైడిరాజు నేర్చేసుకున్నాడు. అంత శ్రద్ధగా నా క్లాసులు విన్న విద్యార్థి ఇంకొకడు లేడు.

"అయితే భావరాజు గారూ," అన్నారు ఆయన నా వైపు తిరిగి, "మీకు లైసెన్సు ఉంది కదా?"

ఉంది. తీసుకున్న తర్వాత పెద్దగా వాడలేదు. వాడనని కూడా అనలేకపోయాను. సారథిని కదా.

మూడో మలుపు వరకు బాగానే దిగాను. కారు ఎడమకి పోతానంటుంది, నేను కుడికి లాగుతాను. అలా ఇద్దరం రాజీపడి మధ్యలో పోతున్నాం. దారిలో ఒక ఆవు పడుకుని ఉంది. దాన్ని తప్పించడానికి నేనూ కాస్త ఎడమకి తిప్పాను. అంతవరకు ఏకాభిప్రాయం లేని చక్రాలకు అప్పుడు కుదిరింది. స్టీరింగు ఇంక నా మాట వినలేదు. బ్రేకు తొక్కితే ఒక్కో చక్రం ఒక్కో సమయానికి ఆగింది. ఎదురుగా తాటాకుల పాక, దాని ముందు సన్యాసిరావు కనిపించారు. సన్యాసిరావు పక్కకి దూకాడు. పాకకి దూకే వీలు లేకపోయింది.

కళ్లు తెరిచేసరికి నా తల మీద తాటాకులున్నాయి. కారు నీళ్ల తొట్టి ఎక్కి ఆగింది. తలుపు తీసి కాలు పెడితే మోకాలి వరకు నీళ్లలో దిగింది. అలాగే నిలబడిపోయాను. ఒంటి మీద రక్తం లేదు, ఎముకలు సరిగానే ఉన్నాయి. సన్యాసిరావు లేచి దుమ్ము దులుపుకుని వచ్చాడు. కొడతాడనుకున్నాను. నన్ను పట్టుకుని తొట్టిలోంచి ఇవతలికి దించి, ఒక టైరు దొర్లించుకొచ్చి దాని మీద కూర్చోబెట్టాడు.

"దెబ్బలేటీ తగల్లేదు గదా బాబూ? మంచినీల్లు తాగండి."

అతని కొట్టు నేలమట్టమై ఉంది. ఆ నీళ్లు తాగకుండా పక్కన పెట్టేశాను.

అంతలో కింద నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ దిగారు. స్టేషన్లో ఎవరూ కనిపించక తనే ఆటో మాట్లాడుకుని వచ్చిన నళినీ సేన్ గారు. ఒరిగిన కారునీ, నాలుగు రకాల టైర్లనీ చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆటోవాడు ఆవిడ హిందీని తెలుగు చేశాడు.

"ప్రభావిత పక్షం అంటే తమరేనా అని అడగతన్నారు."

సన్యాసిరావు పడిపోయిన రాటల వైపు ఒకసారి చూశాడు.

"అవునమ్మా," అన్నాడు వినయంగా, "బాగా ప్రభావితం అయ్యాను."

ఆవిడ అతనితో ఫోటో దిగి, అదే ఆటోలో పైకి వెళ్లిపోయారు. నేను ఆ టైరు మీదే కూర్చుని ఉన్నాను. బూట్లో నీళ్లు చల్లగా కదులుతున్నాయి. ఆ సమయంలో నాకు వలయాలు గుర్తురాలేదు, సూత్రాలు గుర్తురాలేదు.

"సన్యాసిరావూ, ఈ టైర్లన్నీ పీకెయ్. కోట నుంచి నాలుగూ ఒకే రకం తెప్పించు. మంచివి. ఇవాళే. సంతకం నేను పెడతాను. నీ కొట్టు కూడా నేను వేయిస్తాను."

"డైరెక్టరు బాబుని అడగక్కర్నేదా?"

"అక్కర్లేదు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చిందని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది.

సాయంత్రానికి పైడిరాజు వచ్చి చూశాడు. నాలుగు టైర్లనీ చేత్తో తడిమి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కారు కొండెక్కుతుంటే ఏ మలుపులోనూ నేను కళ్లు మూసుకోలేదు.

నళినీ సేన్ గారి నివేదిక వల్ల సంస్థకు అవార్డు వచ్చింది. పరాంకుశం గారు దాన్ని అందుకోవడానికి ఢిల్లీ వెళ్లారు. అన్ని పక్షాల ఏకాభిప్రాయాన్ని తోసిపుచ్చి ఏకపక్షంగా టైర్లు మార్చినందుకు నన్ను సంజాయిషీ అడిగారు. ఎలా ఆ నిర్ణయానికి వచ్చారని విచారణలో అడిగితే, బూట్లోకి నీళ్లొచ్చాయని చెప్పాను. అంతకంటే కారణం నాకు దొరకలేదు. వాళ్లకీ నమ్మకం కలగలేదు. చివరికి ఆ సంఘటనని పాఠ్యాంశంగా చేర్చి, 'ఏకపక్ష నిర్ణయం వల్ల కలిగే దుష్ఫలితాలు' అనే పేరుతో ప్రతి బ్యాచికీ నేనే బోధించాలని ఉత్తర్వు ఇచ్చారు.

బోధిస్తున్నాను. క్షేత్ర పరిశీలన కోసం అధికారుల్ని నలుగురి చొప్పున అదే కారులో కొండ కిందికి తీసుకెళ్తాం. పైడిరాజు తోలుతాడు. మొన్న మంచి వానలో ఒక తాసిల్దారు గారు మూడో మలుపు దాటాక కూడా హాయిగా నిద్రపోతున్నారు. లేపి, దిగాక టైర్లు చూపించి, జరిగిన పొరపాటంతా వివరించాను. ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత కలం ఆపి అడిగారు.

"కారు బాగానే వచ్చింది కదండీ. ఇంతకీ దుష్ఫలితం ఏమిటి?"

నేను పైడిరాజు వైపు చూశాను. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఇంకా పరిశీలనలో ఉందండి" అన్నాడు.